శుభలేఖలు, పన్నెండు గొట్టాలు

సోమవారం

మా అక్క కూతురి పెళ్లి. నెలాఖరుకి మూఢం వచ్చేస్తోందని ముహూర్తం తొందరగా పెట్టేశారు. శుభలేఖలు పంచడానికి మిగిలింది నాలుగు రోజులు. వాట్సాప్‌లో పెట్టేస్తే పోలా అన్నాను. అక్క నా వైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాటెత్తలేదు. దగ్గరి వాళ్లని బొట్టు పెట్టి పిలిచే పని తనది, దూరపు వాళ్లకి కార్డులిచ్చే పని మా మగాళ్లది అని పంచేసింది. బావకి మోకాళ్లు పట్టేసి ఏడాదైంది, క్లచ్ తొక్కలేడు. అందుకే విజయవాడ నుంచి నా పాత ఆల్టో వేసుకుని ఆదివారం రాత్రికే గుంటూరు చేరాను.

బావ సంగతి ముందే చెప్పాలి. ఆర్ అండ్ బీలో జాతీయ రహదారుల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. ఆయన పక్కన కూర్చుంటే దారిలో ఊళ్లు కనపడవు, కల్వర్టులు కనపడతాయి. పదహారో నంబరు హైవే అంటే ఆయనకి పట్టదు. 2010లో నంబర్లు మార్చినా ఆయన లెక్కలో అది ఐదో నంబరే, హైదరాబాద్ రోడ్డు తొమ్మిదో నంబరే.

ఊరు దాటేముందు బంకులో వెయ్యి రూపాయల పెట్రోలు కొట్టించాం. మీటరు తిరుగుతుంటే బావ వేళ్లు మడుస్తున్నాడు. లీటరుకి కేంద్రం రోడ్డు సెస్సు 5 రూపాయలు, రాష్ట్రం 2020 నుంచి వేస్తున్న రోడ్డు సెస్సు ఇంకో రూపాయి.

"తొమ్మిది లీటర్లు. యాభై నాలుగు రూపాయలు రోడ్డుకిచ్చేశాం బామ్మర్దీ, ఇంకా రోడ్డెక్కలేదు."

వాజ్‌పేయి హయాంలో ఇది మొదట లీటరుకి రూపాయి. ఆ రూపాయికి 2000లో కేంద్ర రోడ్డు నిధి చట్టం చేసి, దాన్ని చూపించి అప్పులు తెచ్చి స్వర్ణ చతుర్భుజి కట్టారు. మేం వెళ్లే చెన్నై-కోల్‌కతా రోడ్డు అందులో ఒక భుజం. 2018లో ఆ చట్టానికి మౌలిక వసతులన్న మాట తగిలించి, రోడ్లే కాకుండా వేరే వాటికీ వాడుకునే వీలు పెట్టారు. పేరు మారితే డబ్బు దారి మారుతుందని బావ అంటాడు. ఆయనకి పేర్ల మీద అనుమానం ఎక్కువ.

కాజ టోల్‌గేటు దగ్గర మా ముందున్న లారీ ఫాస్టాగ్ చదవడం లేదు. అద్దం మీద అంటించిన ట్యాగు ఎండకి బుడగలు లేచింది. డ్రైవరు దిగి దాన్ని అరచేత్తో రుద్దుతున్నాడు, వెనక మేం ఏడెనిమిది బళ్లం. ఖాళీగా ఉన్నాం కదా అని అడిగాను: ఈ టోల్ డబ్బు ఎక్కడికి పోతుంది బావా?

"కాంట్రాక్టరు సొంత డబ్బు పెట్టి కట్టిన రోడ్డయితే ఒప్పందం తీరేదాకా వాడికి. ప్రభుత్వం కట్టిందయితే ఢిల్లీ ఖజానాకి. అక్కణ్నుంచి బడ్జెట్లో మళ్లీ రోడ్లకి వస్తుంది. ఆ పద్దు పేరేంటో తెలుసా? శాశ్వత వంతెన రుసుం నిధి."

వంతెన పేరుతో ఢిల్లీలో ఒక నిధి ఉందని నాకు నలభై ఆరేళ్లొచ్చాక కాజ టోల్‌గేటు దగ్గర తెలిసింది.

మంగళగిరిలో మూడు కార్డులు, మూడు ఇళ్లలోనూ కాఫీ. చీకటి పడే వేళకి వారధి ఎక్కాం. కనకదుర్గ వారధి 1995లో వచ్చింది. అందాకా మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీలన్నీ ప్రకాశం బ్యారేజీ మీద నుంచే పోయేవి. జాయింటు దాటినప్పుడల్లా టైర్లు దడదడమంటాయి కదా, ఆ చప్పుడు వింటూ బావ కళ్లు మూసుకున్నాడు. నిద్ర అనుకున్నాను. వింటున్నాడట.

మంగళవారం

విజయవాడ పటమట నుంచి బయల్దేరి ముందు సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు మునిగిన ఇల్లు మా పిన్ని వాళ్లది. గోడకి రెండుసార్లు రంగు వేసినా కిటికీ పైన ఆ గీత లోపల్నుంచి పైకి తేలుతోంది. పిన్ని శుభలేఖ తీసుకుని అటకమీద పెట్టింది. "ఇప్పుడు ముఖ్యమైన కాగితాలన్నీ పైనే," అంది.

ఉండవల్లి వెళ్లాలి కాబట్టి బ్యారేజీ మీదుగా వెళ్లాం. కార్తీకమాసం, దుర్గాఘాట్‌లో తెల్లవారే స్నానాలైపోయి అరటి దొప్పలు మెట్లకి కొట్టుకుంటున్నాయి. మొంథా తుఫాను వెళ్లి వారం కావస్తోంది, నీళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. బ్యారేజీ మీద భారీ వాహనాలను ఎప్పుడో ఆపేశారు గనక కార్లు, ఆటోలు, బళ్లే పోతున్నాయి. బావ నన్ను నెమ్మదిగా పొమ్మని ఒక్కో గేటూ చూసుకుంటూ వచ్చాడు.

కాటన్ దొర పథకం మీద కెప్టెన్ ఓర్ కట్టిన ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడింది. ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది, 70 గేట్లు, కిలోమీటరుంపావు కన్నా కాస్త తక్కువ పొడవు. దీని డిజైను 11.90 లక్షల క్యూసెక్కులకి. 2024 వరదలో వచ్చింది 11.43 లక్షలు. అంటే అంచు దాకా వచ్చి ఆగింది. చాలదన్నట్టు పైనుంచి తెగొచ్చిన పడవలు వచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, గేట్లు ఎత్తడానికి తూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు విరిగాయి. అంతకు మూడు వారాల ముందే తుంగభద్ర డ్యాములో కొట్టుకుపోయిన 19వ గేటు దగ్గర నీళ్లాపిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారే ఇక్కడికీ వచ్చి వాటిని మార్పించారు.

"ఒక డ్యాముకి తుప్పు పట్టిన గొలుసు తెగితే, ఇంకో దానికి పడవ గుద్దితే, రెండింటికీ అదే పెద్దాయన," అన్నాడు బావ. "వయసు మీదపడింది ఆయనకి. తర్వాత ఎవర్ని పిలుస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఉండవల్లిలో మాత్రం అరిసెలు పెట్టారు.

మధ్యాహ్నం భవానీపురం వెళ్లడానికి దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కాం. 2016 పుష్కరాలకి అందిస్తామన్నది 2020 అక్టోబరు 16న తెరుచుకుంది. రెండు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు, కొండకీ నదికీ మధ్య సందులో ఆరు వరుసలు. ఎంత ఆలస్యమైనా బాగా కట్టారనే నా అభిప్రాయం. ఒకప్పుడు దసరా రోజుల్లో ఘాట్ రోడ్డు కింద గంటన్నర ఇరుక్కున్నవాణ్ని కాబట్టి నా మాటని కాస్త తగ్గించుకోండి. బావ దానికీ వంక పెట్టలేదు. "కొత్తది ఎవడైనా చూస్తాడు. పాతికేళ్లు పోయాక తీసుకురా నన్ను," అని నవ్వాడు.

బుధవారం

పౌర్ణమి. నందిగామలో పదకొండు కార్డులున్నాయి. బావ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. 1990ల్లో ఆయన అక్కడే సెక్షన్‌లో పనిచేశాడు, ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని ఇన్‌స్పెక్టరు గారూ అనే వాళ్లున్నారు.

ఇబ్రహీంపట్నం, కంచికచర్ల దాటి కీసర దగ్గర మున్నేరు. దాని తర్వాత ఐతవరం. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో ఇక్కడ హైవే మీదికి నీళ్లొచ్చి హైదరాబాద్-విజయవాడ దారి తెగిపోయింది. నేను రెండోసారి ఇవతల ఒడ్డున ఇరుక్కున్నాను, లారీల కింద వంట చేసుకుంటున్న క్లీనర్లు నాకు కూడా ఇంత పప్పన్నం పెట్టారు. వాన ఎక్కడో వరంగల్లు, ఖమ్మం వైపు కురుస్తుంది. మున్నేరు దాన్ని మోసుకొచ్చి ఇక్కడ కృష్ణలో దింపబోతుంది. కృష్ణ కూడా నిండుగా ఉంటే దింపనివ్వదు.

రోడ్డు ఎత్తు పెంచేస్తే సరిపోతుంది కదా అన్నాను.

"పెంచు. రోడ్డు మునగదు, పైనున్న ఊరు మునుగుతుంది. హైవే అంటే పొలాల మధ్య కట్టిన కట్టరా. కట్టకి తూములు సరిపడా పెట్టాలి. తూములు పెట్టాలంటే ఖర్చు. ఫొటోలో తూము పడదు."

నందిగామలో పదకొండు ఇళ్లు తిరిగేసరికి రెండున్నరయింది. తిరిగొచ్చేటప్పుడు బైపాస్ ఎక్కకుండా పాత రోడ్డున పొమ్మన్నాడు. తనకొక వంతెన చూడాలనుందట. ఏ కాలవ మీద, ఎక్కడ అని రాయను. అలాంటివి జిల్లాకి పదులున్నాయి.

చిన్న వంతెన. రెండు పక్కలా సిమెంటు రెయిలింగు, దాని మీద సున్నం పోయి ఒక పార్టీ రంగు మీద ఇంకో పార్టీ రంగు. బావ కారు దిగి మోకాలు పట్టుకుని మెల్లగా నడిచి రెయిలింగు మొదట్లో వంగాడు. రోడ్డుకీ రెయిలింగుకీ మధ్య బెత్తెడు మేర మట్టి పేరుకుని గరిక మొలిచింది. ఆయన వేలితో ఒకచోట మట్టి గీకాడు. కింద ఇనప గొట్టం మూతి, పూర్తిగా పూడిపోయి ఉంది.

"ఇటు ఆరు, అటు ఆరు. పన్నెండు గొట్టాలు. వాన నీళ్లు దిగాల్సింది వీటిలోంచి."

జాకీ రాడ్డు తెమ్మన్నాడు. తెచ్చాను. గొట్టంలోకి దించి తిప్పితే ముందు గట్టి మట్టి బిళ్ల, తర్వాత నలిగిన టీ కప్పు, గుట్కా కాగితాలు, ఒక చిన్న వేరు ముద్ద. ఆఖరికి లోపలెక్కడో ఏదో వదిలింది. నిన్నటి నుంచి నిలిచిన నల్లటి నీళ్లు గుడగుడమని సుడి తిరుగుతూ దిగిపోయాయి. ఆ చప్పుడుకి బావ ముఖం చూడాలి. తాంబూలం వేసుకున్నంత తృప్తి.

ఈ పూడుకుపోయిన గొట్టానికే వంతెన పడిపోతుందా అని నేను కాస్త ఎగతాళిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు, నన్ను పక్కనుంచి కాలవ గట్టు దింపి అడుగు చూపించాడు. పైన నిలిచిన నీళ్లు జాయింటులోంచి గడ్డరు కొసకి కారి, కాంక్రీటు మీద తెల్లటి చారలు కట్టాయి. ఒకచోట అరచేయంత పెచ్చు ఊడిపోయి లోపల కడ్డీ కనపడుతోంది. గోరు పెడితే పొరలు పొరలుగా ఊడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి తన మీదున్న కాంక్రీటుని తనే పగలగొట్టుకుంటుంది. అప్పుడింకా ఎక్కువ తడి తగులుతుంది. లారీ బరువుకి పోయే వంతెన కన్నా ఇలా పోయేవే ఎక్కువన్నది ముప్పై ఆరేళ్ల నౌకరీలో ఆయన తేల్చుకున్న మాట.

"మా రోజుల్లో దీనికో గ్యాంగ్ ఉండేది. వానలకి ముందోసారి, తర్వాతోసారి. ఒక గడ్డపలుగు, ఒక చీపురు, ఒక తట్ట. ఆ ఖర్చు బిల్లులో చూపిస్తే పైవాళ్లు నవ్వేవాళ్లు."

మరి ఇప్పుడెవరు చూడాలి? బైపాస్ వేశాక హైవే అటు వెళ్లిపోతుంది, ఊళ్లో మిగిలిన పాత ముక్కని ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి అప్పగించాలని కేంద్రం నియమం. అప్పగింత కాగితం మీద అయిపోతుంది. ఆ తర్వాత ఏ పద్దులో చీపురు కొనాలో ఎవరికీ తెలియదు. 2016 ఆగస్టులో మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీద బ్రిటిష్ కాలపు వంతెన రాత్రికి రాత్రి కొట్టుకుపోయి బస్సులు నదిలో పడ్డాయి. ఆ ఏడాదే దేశమంతా జాతీయ రహదారుల వంతెనలకి లెక్క కట్టించారు. కల్వర్టులతో కలిపి 1.72 లక్షలు తేలాయి. లెక్క మంచిదే, ఒక్కోదానికీ నంబరుంది, ఎంత దెబ్బతిందో మార్కుంది. మేం నిలబడ్డ వంతెన మాత్రం జాతీయ రహదారి కాదు ఇప్పుడు. ఆ లక్షల్లో లేదు.

రెండో గొట్టం దగ్గర వంగబోతే మోకాలు మొరాయించింది. నేను తీస్తానన్నాను. "చీకటి పడుతోంది పద," అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఇంకో రెండు తీసి ఉండాల్సింది నేను.

ఇంతలో నా శాస్తి నాకు జరిగింది. హైవే ఎక్కడానికి సర్వీసు రోడ్డులో పోతుంటే ముందు చక్రం ధన్మని దిగింది. స్టీరింగు చేతిలోంచి జారింది. టైరు ఫట్. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే గుంత నలుచదరంగా, గీత గీసినట్టుంది. జాకీ రాడ్డు మళ్లీ బయటికొచ్చింది. నేను స్టెప్నీ వేస్తుంటే బావ గొడుగు పట్టుకుని పైన నిలబడి, వెనకొచ్చే బళ్లని చేత్తో పక్కకి తప్పించాడు. పౌర్ణమి చంద్రుడు మబ్బు చాటునుంచి ఒక్క నిమిషం కూడా రాలేదు.

గురువారం

పొద్దున్నే ఆటోనగర్. రిమ్ము బెండు తీసే కుర్రాడు చక్రాన్ని తిప్పి చూసి, "ప్యాచ్ గుంతేనా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, మామూలు గుంతకి అంచులు వాలుగా ఉంటాయి, రిమ్ము మెల్లగా వంగుతుంది, ఇది కత్తి పెట్టినట్టు ఒకేచోట నొక్కుకుపోయిందన్నాడు. బావ ఆ కుర్రాడి వైపు గౌరవంగా చూశాడు. ప్యాచ్ వెయ్యాలంటే గుంతని ముందు నలుచదరంగా కొయ్యాలి, దుమ్ము ఊదాలి, తారు పూసి మిక్స్ నింపి దిమ్మిస కొట్టాలి. కోసినవాళ్లు కోసి వెళ్లారు, తుఫానొచ్చింది, నింపేవాళ్లు ఇంకా రాలేదు. రిమ్ముకి మూడొందలు, టైరుకి మూడు వేల పైచిలుకు. ఈ పద్దు నాది.

గుంటూరు వెళ్తుంటే కాజ దగ్గర వెస్ట్ బైపాస్ వచ్చి కలిసే చోటు చూపించాను. గొల్లపూడి వైపు నుంచి కృష్ణ మీద ఆరు వరుసల కొత్త వంతెన దాటి ఇక్కడ తేలుతుంది. లారీలు బెజవాడలోకి రాకుండానే పోతాయి. హ్యామ్ పద్ధతిలో కట్టారు. అంటే కట్టేటప్పుడు ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది, మిగతా 60 కాంట్రాక్టరు తెచ్చుకుంటాడు, దాన్ని పదిహేనేళ్లలో వాయిదాలుగా తీరుస్తారు. నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. ఆ పదిహేనేళ్లూ నిర్వహణ కూడా కట్టినవాడిదే. చెత్తగా కడితే వాడి మెడకే. బావ మాత్రం శుభలేఖ కవరు వెనక లెక్క వేస్తున్నాడు.

టోల్ లెక్కలో వంతెన కిలోమీటరంటే పది కిలోమీటర్ల రోడ్డుతో సమానం. నలభై కిలోమీటర్ల రోడ్డులో మూడు కిలోమీటర్లు వంతెన అనుకుంటే, ముప్పై ఏడూ ముప్పై, అరవై ఏడు కిలోమీటర్లకి కట్టాలి. 2025 జులైలో దీన్ని సవరించారు, వంతెనలకి టోల్ సగమైందని అందరం సంబరపడ్డాం. సవరణేంటంటే, ఈ లెక్క గానీ మొత్తం పొడవుకి అయిదింతలు గానీ, ఏది తక్కువైతే అది. నలభైకి అయిదింతలు రెండొందలు.

"అరవై ఏడు తక్కువా, రెండొందలు తక్కువా?"

"అరవై ఏడే."

"అంటే నీకు పైసా తగ్గలేదు. రోడ్డులో ఇంచుమించు సగం వంతెనలే ఉంటే అప్పుడు తగ్గుతుంది."

2025-26 బడ్జెట్లో రోడ్ల మంత్రిత్వ శాఖకి 2.87 లక్షల కోట్లు, అందులో హైవే అథారిటీకే 1.70 లక్షల కోట్లు. డబ్బు లేదని ఎవరూ అనలేరు. కవరు వెనక్కి తిప్పి చూస్తే అది బ్రాడీపేట వాళ్ల కార్డు. లెక్కలున్న కవరు ఇవ్వలేం కదా, కొత్తది మార్చాం.

ఆ బ్రాడీపేట చేరడమే పెద్ద తతంగమైంది. రైలు పట్టాల మీది శంకర్ విలాస్ బ్రిడ్జి పాతదైపోయి, ఇరుకై, కేంద్రం సెస్సు నిధి నుంచి 98 కోట్లతో కొత్తది కడుతున్నారు. పాతదాన్ని మూసేశారు. పెద్దాసుపత్రి వైపు నుంచి అయిదు నిమిషాల దారికి కంకరగుంట చుట్టూ తిరిగి ముప్పావుగంట. మూడు వంతెనలనే చోట కింద ఇంకా బురద, గోడకి నీళ్లు నిలిచిన ఆనవాలు నడుమెత్తున ఉంది. బ్రాడీపేట వాళ్లు కార్డు తీసుకుని, ముహూర్తం కన్నా ముందు, పెళ్లి హాలు బ్రిడ్జికి ఇటా అటా అనడిగారు. అటే. అయితే గంట ముందే బయల్దేరతామన్నారు.

ఒక్క కార్డు మిగిలింది. సంగడిగుంటలో సందు చివర రేకుల ఇల్లు. నందిగామ సెక్షన్‌లో బావ కింద పనిచేసిన గ్యాంగ్ మేస్త్రీ, ఇప్పుడు కొడుకు దగ్గరుంటున్నాడు. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు, చూపు ఆనడం లేదు. కార్డుని ముక్కు దగ్గర పెట్టుకుని పసుపు వాసన చూశాడు. కోడలు మజ్జిగ తెచ్చింది. అమ్మాయి ఏం చదివింది, కుర్రాడిదేవూరు, అన్నీ అయ్యాక అడిగాడు:

"నందిగామ ఎళ్లారంట గదయ్యా. మన కాలవ బ్రిడ్జీ చూశారా?"

"చూశాను."

"నీళ్లు దిగుతున్నాయా?"

బావ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ఇటు పక్క మొదటి గొట్టం దిగుతోంది," అన్నాడు.

మేస్త్రీ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేళ్లు మడుస్తూ తనలో తను లెక్కపెట్టుకున్నాడు, రెండు, మూడు, నాలుగు, పన్నెండు దాకా.